పాపికొండల గండి: నది కోత, పోడు సేద్యము, అభయారణ్యము

గోదావరి మహారాష్ట్రమున నాసిక సమీపమందలి త్ర్యంబకము కడ పుట్టి, 1,465 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమున కలియుచున్నది. ఈ దీర్ఘయాత్రలో నది పెక్కు దూరము వెడల్పైన లోయల మీదుగనే సాగును. తూర్పు కనుమలను దాటవలసిన చోట మాత్రము దాని దారి ఇరుకగును. ఆ ఇరుకునకు ఇరువైపులను నిలిచిన గిరులే పాపికొండలు. దూరమునుండి చూచువారికి నడుమ నది పాపిటవలె కానవచ్చుటచే ‘పాపిడి కొండలు’ అని మొదట పిలిచిరనియు, ఆ మాటయే కాలక్రమమున పాపికొండలైనదనియు ప్రతీతి.

తెలుగునాటికి వెలుపల చిరకాలముగా నివసించుచున్న తెలుగువారి స్థానములలో మూడింటికి ఈ ఇరుకుతో సంబంధము కలదు. మొదటిది మహారాష్ట్రమందలి సిరోంచ. అచట ప్రాణహిత గోదావరితో కలియుచున్నది. రెండవది ఒడిశాలోని మల్కనగిరి జిల్లాకు దక్షిణపు కొననున్న మోటు. అచట సీలేరు శబరితో కలియుచున్నది. మూడవది గౌతమీ తీరమందలి యానాము. మొదటి రెండింటి నీరును పాపికొండల నడుమనుండియే పోవలయును. మూడవదాని నేల ఆ నడుమనుండి వచ్చిన మట్టితోనే ఏర్పడినది. కావున ఈ గండిని గూర్చి తెలిసికొనుట ఈ మూడు స్థానములందలి తెలుగువారికి తమ ఊరి కథలో ఒక భాగమును తెలిసికొనుటయే.

ఈ ప్రదేశమును చూచి వచ్చినవారు దానిని మనుష్యుని చేయి సోకని ప్రకృతిగా వర్ణించుట వాడుక. అది సగము నిజము మాత్రమే. పాపికొండల నేటి రూపమునకు కర్తలు ముగ్గురు: కొండను కోసిన నీరు, కొండవాలున గింజ నాటిన సేద్యగాడు, అడవికి హద్దు గీచిన చట్టము. ఈ మూడింటి పనిని వేరువేరుగా గుర్తింపగలిగినప్పుడే ఆ ప్రదేశమును చూచినట్లగును.

నీరు చేసిన పని

నీరు కొండనో గట్టునో తెగగొట్టి చేసికొన్న దారిని తెలుగులో గండి యందురు. పెన్నానది మీది గండికోటకు ఆ పేరు ఇట్లే వచ్చినది. పాపికొండలకు దిగువను నదీతీరమున వెలసిన గండిపోచమ్మ పేరులోను ఆ మాటయే నిలిచియున్నది. ఆ సమీపముననే కొండమొదలు అను గ్రామము కలదు. కొండలు ఎచట మొదలగునో ఆ పేరే చెప్పుచున్నది. భూగోళ శాస్త్రము విద్యాలయములకు రాకమున్నే ఇచటి జనులు తమ నేల ఆకృతిని ఊరి పేర్లలో వ్రాసి పెట్టుకొనిరి.

ప్రాణహితా సంగమము మొదలు భద్రాచల ప్రాంతము వరకు గోదావరి ఒక ప్రాచీనమైన ఇసుకరాతి లోయను అనుసరించి ప్రవహించును. సింగరేణి బొగ్గు ఆ లోయలోనిదే. ఇసుకరాయి మెత్తనిది కావున అచట నది వెడల్పుగా పరచుకొనును. దిగువకు వచ్చుసరికి రాయి మారిపోవును. తూర్పు కనుమల శిలలు భూగర్భమున మహాతాపమునకును ఒత్తిడికిని లోనై, నూరు కోట్ల సంవత్సరములకు అటునిటుగా గట్టిపడినవి. వానిలో ముఖ్యమైన ఒకదానికి ఖొండలైటు అని పేరు. ఒడిశాలోని ఖొండు జనుల పేరును బట్టి 1902లో టి. ఎల్. వాకరు అను భూవిజ్ఞాని ఆ శిలకు ఆ పేరు పెట్టెను. గార్నెట్టు అను ఎఱ్ఱని ఖనిజము అందు విస్తారముగా నుండును. వానకును ఎండకును తడిసి, ఆరి, అది క్రమముగా ఎఱ్ఱని పొడిమట్టియై జారును. దాని నడుమ చార్నకైటు అను మఱింత గట్టి శిల తలయెత్తి నిలుచును. మెత్తబడిన రాయి కరగిపోయి, గట్టిరాయి మిగిలి, కొండల వరుసలు తేరినవి.

ఇంత గట్టి కొండలను చుట్టిపోక, నది వానిని అడ్డముగా కోసికొనిపోవుట వింతగా తోచును. దీనికి శాస్త్రజ్ఞులు సామాన్యముగా రెండు సమాధానములు చెప్పుదురు. కొండలకంటె నదియే పాతదై, నేల మెల్లమెల్లగా పైకి లేచుచుండగా నది తన దారిని విడువక కోసికొనుచు వచ్చినదనుట ఒకటి. మొదట నది పైపొరల మీద ప్రవహించి, ఆ పొరలు కొట్టుకొనిపోయిన పిమ్మట అడుగున దాగియున్న కొండలను చేరి వానిని కోసినదనుట రెండవది. ఏది యైనను సారాంశమొకటే. ఇది ఒక్క వరదలో తెగిన గండి కాదు. ఏటేట కొలతకందనంత స్వల్పముగా రాయి అరుగుచు, లక్షల ఏండ్లలో ఏర్పడిన దారి.

ఇరుకున నీరు ఎట్లు ప్రవర్తించునో గ్రహించుట కష్టము కాదు. ఒక నిముషమున పైనుండి ఎంత నీరు వచ్చునో, అంత నీరును ఆ నిముషముననే ఇరుకు దాటి పోవలయును. రాజమహేంద్రవరము కడ గోదావరి మీది రైలు వంతెనల పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైబడినది. అంతటి నది పాపికొండల నడుమ కొన్ని వందల గజముల వెడల్పునకు కుదించుకొనిపోవును. వెడల్పు తగ్గినప్పుడు వేగమైన పెరుగవలెను, లోతైన పెరుగవలెను. ఇచట రెండును పెరుగును. అడుగున రాయి తొలిచి లోతు చేయబడినది. వరదకాలమున పైన సుడులు లేచును. వేసవిలో ఈ నీరు కదలని మడుగువలె నిశ్చలముగా కనబడుటచే కొత్తవారు మోసపోవుదురు. 2019 సెప్టెంబరు 15వ తేదిన, నది వరదమీద నుండగా, కచ్చులూరు మందము అని పేరొందిన చోట యాత్రికుల పడవ యొకటి మునిగి పదుల కొలది జనులు మరణించిరి. ఇరుకు, లోతు, సుడి యను మూడు మాటల యర్థము ఆనాడు దేశమునకు తెలిసినది.

ఇరుకు వలని ఫలితము ఎగువ గ్రామములకును తప్పదు. సీసా మెడ సన్నమైనప్పుడు నీరు వెనుకకు నిలుచునట్లు, మహావరదలలో గోదావరి కొండల పైభాగమున ఎత్తుగా నిలుచును. 1986 ఆగస్టులో భద్రాచలము కడ నీటిమట్టము 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును చేరినది. అచటి మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇయ్యబడునని జ్ఞప్తియందుంచుకొన్నచో ఈ అంకెల తీవ్రత తెలియును. అట్టి దినములలో కూనవరము కడ గోదావరిలో కలియవలసిన శబరి కలియలేక వెనుకకు తన్నును. ఆ ఎదురునీరు చింతూరును ముంచి, మోటు వరకు పోవును. వాన కురియకున్నను వాకిటికి నీరు వచ్చుటకు కారణము ఎంతో దిగువనున్న గండియని మోటు తెలుగువారికి తరతరముల అనుభవము.

మట్టి యాత్ర

కోసిన రాయి, జారిన మట్టి ఎచటికి పోవుచున్నవి? తొలి వరదలకు గోదావరి ఎఱ్ఱబారును. తీరవాసులు దానిని ఎఱ్ఱనీరు అందురు. ఆ యెఱుపంతయు పాపికొండలది కాదు. గోదావరి పరీవాహక ప్రదేశము 3,12,812 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్రపు నల్లరేగడి, బస్తరు ఎఱ్ఱమన్ను, కోరాపుట్టు కొండల ఇసుక, తెలంగాణపు చెలకల దుమ్ము, అన్నియు ఆ నీటిలో కలవు. గండి ఆ మట్టికి పుట్టిల్లు కాదు, వాకిలి మాత్రమే. ఇచటికి వచ్చువరకు వేరువేరు దేశముల మట్టి. దాటిన పిమ్మట ఒకే ఒండ్రు.

కొండలు దాటగానే నది వెడల్పై, వేగము తగ్గి, మోసిన బరువును దింపుటకారంభించును. అట్లు దింపిన దిబ్బలు లంకలైనవి. వరద తీసిన పిమ్మట ఆ పదునులో పొగాకు, మిరప, కూరగాయలు వేయుదురు. ధవళేశ్వరమున 1852 నాటికి ఆర్థరు కాటను ఆనకట్ట పూర్తియైన పిదప ఆ ఒండ్రునేల కాలువలక్రింద వరిసీమయైనది. చివరకు గౌతమీ శాఖనుండి కోరంగి యేరు చీలుచోట యానాము కలదు. దాని వైశాల్యము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 1723లో ఫ్రెంచివారు అచట వర్తకస్థానము నెలకొల్పిరి. 1954లో వారి పాలన ముగిసినది. జెండాలు మారినను నేలను తెచ్చి పోసినది గోదావరియే.

మట్టి ఎల్లప్పుడును వరమే యని చెప్పుటకు వీలులేదు. యానామునకు చేరువనున్న కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణమునకు పేరుపొందిన రేవు. ఏటేట ఒండ్రు పేరుకొనుటచే అందు ఓడలు చొరరాక, 1839 నాటి తుపాను దెబ్బకూడ తోడై, ఆ రేవు క్షీణించినది. ఎగువ కొండలమీద రాలిన మట్టి దిగువ రేవును మూసినది. నేడు కథ తలక్రిందైనది. ఎగువ ఆనకట్టలలో మట్టి నిలిచిపోవుటచే 1970ల దశాబ్దముతో పోల్చగా 1990ల నాటికే సముద్రముఖమునకు చేరు ఒండ్రు సగమునకు పైగా తగ్గినదని కొలతలు చెప్పుచున్నవి. కొన్నిచోట్ల తీరము వెనుకకు జరుగుచున్నది. మట్టి ఎక్కువైన రేవు పోవును, తక్కువైన ఊరు పోవును.

సేద్యము చేసిన పని

పాపికొండల వాలులయందు చిరకాలముగా సేద్యము చేసినవారు కొండరెడ్లు. లోయలలోను నదీతీరపు చదునులందును కోయలు కలరు. కొండరెడ్ల మాతృభాష తెలుగు. మైదానమున ఎన్నడు వాడుకనుండి జారిపోయెనో తెలియని మాటలు కొండలమీద వారినోట వినబడుట వింత కాదు.

వీరి సేద్యమునకు పోడు అని పేరు. అందు రెండు భేదములు కలవు. నిటారు వాలున చేయునది కొండపోడు. చదునున చేయునది చెలకపోడు. వేసవిలో ఎంచుకొన్న వాలుమీది పొదలను చెట్లను కొట్టి, ఎండనిచ్చి, వానలకు ముందు కాల్తురు. ఆ బూడిదయే ఎరువు. కొండపోడున నాగలి లేదు. మొనదేరిన కఱ్ఱతో చిన్న గుంట చేసి గింజ వేయుదురు. జొన్న, సామ, కొఱ్ఱ, చోడి, కంది మొదలగునవి ఒకే చేనున కలిసి పెరుగును. ఒకటి ముందు కోతకు వచ్చును, ఒకటి వెనుక. ఒక పంట పోయినను వేఱొకటి మిగులును. రెండు మూడేండ్లు పండించి ఆ చేనును విడిచి, వేఱొకచోటికి పోవుదురు. విడిచిన చోట అడవి మరల లేచును.

ఈ పద్ధతి కొండను కోయునా, కాచునా యను ప్రశ్నకు ఒక్క మాటలో బదులు లేదు. నాగలి లేనందున మట్టి తిరుగబడదు. మోడులు భూమిలోనే విడువబడుటచే వేళ్లు నేలను పట్టుకొనియుండి, విశ్రాంతి కాలమున మరల చిగుర్చును. పది పదునైదేండ్లు విశ్రాంతి దొరకిన వాలు తన మట్టిని తాను కాపాడుకొనును. ఆ విశ్రాంతి నాలుగైదేండ్లకు తగ్గినచో, చిగురు మానుకాకమున్నే మరల గొడ్డలి పడును. అప్పుడు తొలకరి జల్లు బోడినేల మీదనే నేరుగా పడి, మట్టిని వాగులోనికి త్రోయును. కావున దోషము పోడులో కంటె, పోడుకు మిగిలిన నేల తగ్గుటలో నెక్కువ కలదు. నేల ఏల తగ్గెనో తరువాత చూడనగును.

పోడు అడవిని తగ్గించుటయే కాదు, మార్చుటయు జరిగినది. మామిడి, చింత, ఇప్ప, జీలుగు చెట్లను సామాన్యముగా కొట్టరు. కఱవు నెలలలో మామిడి టెంకలోని పప్పును నానబెట్టి, వగరు పోగొట్టి, అంబలి కాచుకొందురు. జీలుగు చెట్టు కల్లునిచ్చును. దాని మానులోని గుజ్జు ఆపదలో పిండియగును. ఇట్లు కొన్ని చెట్లు మనుష్యుని ఎంపికచే నిలిచినవి. ఒక వాలున పాత మామిళ్లు, చింతలు గుంపుగా కనబడినచో అది వట్టి యడవి కాదనియు, ఒకప్పుడచట ఇండ్లుండి యుండుననియు ఊహింపవచ్చును. వెదురు దట్టమైన వాలు పలుమార్లు పాత పోడుకు గుర్తు.

చట్టము చేసిన పని

ఈ నది చాలకాలము ప్రభుత్వముల నడుమ సరిహద్దుగా నుండినది. కుడిగట్టున పెద్ద భాగము నైజాము ఏలుబడిలోని పాల్వంచ సంస్థానమునకు చెందినది. ఎడమగట్టు ఇంగ్లీషువారిది. అందును భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1860లో నైజామునుండి ఇంగ్లీషువారికి సంక్రమించి, సిరోంచ ముఖ్యస్థానముగా నేర్పడిన ఎగువ గోదావరి జిల్లాలో, మధ్యపరగణాల క్రింద నుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చబడినవి. నేడు దూరమని తోచు సిరోంచ ఒకనాడు పాపికొండల ఎగువ వాకిటికి రాజధానివంటిది.

ఈ మార్పు కొండవానికి కాగితము మీదిది కాదు. మధ్యపరగణాల పాలనలో పోడునకు గొడ్డలి లెక్కన స్వల్పమైన పన్ను ఉండెడిది. మద్రాసు పాలన వచ్చిన పిమ్మట ఆ పన్ను హెచ్చినది, కొన్ని జాతుల చెట్లను కొట్టుట నిషేధింపబడినది. దిగువ రంప సీమలో కల్లుగీతమీది పన్ను, వర్తకుల మోసము, మన్సబుదారుని బలవంతము తోడై 1879లో రంప తిరుగుబాటు లేచినది. అది రేకపల్లికిని ప్రాకినది. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చెను. కొండల మీద గీతలు గీచి ‘రిజర్వు’ అనిరి. పోడుకు విశ్రాంతినిచ్చు అడవి గీతకు ఆవల పడినది. ఈవల మిగిలిన కొద్ది నేలను వెంటవెంటనే కొట్టక తప్పలేదు. వాలు బోడియగుటకు పోడుగాని పేరాస కారణమని చెప్పు నివేదికలు ఈ గీతను పలుమార్లు మరచినవి. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడపిన పోరాటమునకును పోడుపై ఆంక్షలు, వెట్టిచాకిరి ముఖ్యకారణములు.

కుడిగట్టున నైజాము రాజ్యములోని కొండరెడ్లను మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫు పరిశోధించి 1945లో ‘బైసన్ కొండల రెడ్లు’ అను నర్థమిచ్చు పేరుతో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించెను. అడవిదున్నల పేరిట ఇంగ్లీషువారు ఈ కొండలకిచ్చిన పేరది. కలప వర్తకులకు ఋణపడి, వెదురు కొట్టి, తెప్పలు కట్టి నదిలో దింపు రెడ్ల దుఃస్థితిని ఆ గ్రంథము వర్ణించినది. ఒకే జాతి, ఒకే భాష. నడుమ నది, ఇరువైపుల రెండు చట్టములు. పరరాష్ట్రముల తెలుగువారి స్థితి ఇట్టిదే కావున ఈ చరిత్ర వారికి సులభముగా అర్థమగును.

స్వాతంత్ర్యానంతరము 1978లో ఈ ప్రాంతము వన్యప్రాణి అభయారణ్యముగ ప్రకటింపబడినది. 2008లో 1,012.86 చదరపు కిలోమీటర్ల వైశాల్యముతో జాతీయోద్యానమైనది. పులి, చిఱుతపులి, అడవిదున్న, కణుజు, దుప్పి, బెట్టుడుత, పలురకముల పక్షులు ఇందున్నవి. జాతీయోద్యానములో చట్టరీత్యా సేద్యమునకును మేపునకును చోటులేదు. మఱొకవైపు 2006 నాటి అటవీహక్కుల చట్టము తరతరములుగా సాగుచేసినవారి హక్కును గుర్తింపవలెనని చెప్పుచున్నది. ఈ రెండును కలియుచోట నేటికిని వివాదములు కలవు. అడవిదున్న మేయు పచ్చికబయలు కొంత పాత పోడులవలన ఏర్పడినదే యని జ్ఞాపకముంచుకొన్నచో, రక్షణకును సేద్యమునకును పుట్టుకతో వైరము లేదని తెలియును. ఎచట, ఎంత, ఎంత విశ్రాంతితో అనునదియే అసలు ప్రశ్న.

చూడబోవువారు గమనింపదగినవి

దిగువనుండి పోవువారికి గండిపోచమ్మ గుడి సమీపమునను, ఎగువనుండి వచ్చువారికి పోచవరము కడను పడవలు దొరకును. వరదకాలమున పడవలు నిలిపివేయుదురు. ఆ నిషేధమును విసుగుగా గాక, పైన చెప్పిన నీటి గణితముగా గ్రహింపవలెను. వానలు వెనుకబట్టిన పిమ్మట, శీతకాలము ప్రయాణమునకు అనుకూలము.

పడవ కొండల నడుమకు చొచ్చునప్పుడు మొదట గట్టుల రాతిని చూడవలెను. వరద ఎంత ఎత్తున నిలిచి తీసినదో ఆ రాతిమీది చారలు చెప్పును. చారకు దిగువ రాయి నున్నన, ఎగువ చెట్లు. పిదప వాలుల రంగును గమనింపవలెను. ముదురుపచ్చ నడుమ లేతపచ్చని చతురపు మచ్చలు కనబడినచో అవి ఇటీవలి పోడులు. ఒకే యెత్తు వెదురు, పొదలు నిండినవి విడిచిన పోడులు. ఎత్తుపల్లములుగా పెద్దమానులు నిలిచినవి చాలకాలముగా గొడ్డలి పడని చోటులు. ఇట్లు ఒక్క కొండమీదనే ఇరువది ముప్పదియేండ్ల సేద్యచరిత్రను చదువవచ్చును. వాగు నదిలో కలియుచోట ఆగి నీటిరంగును చూచినచో, ఆ వాగు పైన అడవి యున్నదో బోడినేల యున్నదో తెలియును. ఇసుకతిన్నెలో మెఱయు ఎఱ్ఱని నలుసులు గార్నెట్టువి. అవి కొండ కరగినదనుటకు సాక్ష్యములు.

పేరంటాలపల్లి కడ శివాలయము, కొల్లూరు కడ వెదురు గుడిసెలు యాత్రికులను ఆకర్షించుచున్నవి. అచట వెదురుబుట్టలమ్ము స్త్రీతో రెండు మాటలాడుటయు ఒక పరిశోధనయే. ఆమె మాటలాడునది తెలుగు. చెట్టుకు, వాలుకు, వానకు, గింజకు ఆమె వాడు పేరు పట్టణపు నిఘంటువులో నుండకపోవచ్చును.

మునక

ఈ పరిశీలనకు కాలము మించిపోవుచున్నది. పాపికొండలకు దిగువను పోలవరము ఆనకట్ట నిర్మింపబడుచున్నది. 1980 నాటి గోదావరీ జలవివాద న్యాయస్థానపు తీర్పు దానికి 150 అడుగుల, అనగా 45.72 మీటర్ల, పూర్తిమట్టమును నిర్ణయించినది. 2014లో అది జాతీయ ప్రణాళికయైనది. అదే సంవత్సరము ముంపు మండలములు తెలంగాణనుండి ఆంధ్రప్రదేశమునకు మార్చబడినవి. తమ గ్రామములు మునుగునని ఒడిశా ప్రభుత్వము 2007లోనే సుప్రీముకోర్టుకు పోయినది. 2021 జూనులో నది సహజమార్గమును విడిచి స్పిల్‌వే మీదుగా మళ్లింపబడినది. ఆ యేటి వరదలకే దేవీపట్నము మొదలగు గ్రామములలో నీరు ఎన్నడును లేనంతకాలము నిలిచినది. మొదట 41.15 మీటర్ల మట్టమునకును, పిదప పూర్తిమట్టమునకును నీరు నింపవలెనని సంకల్పము.

కాలువలక్రింది పొలములకు నీరును, పట్టణములకు త్రాగునీరును, విద్యుత్తును ఈ ప్రణాళిక ఇచ్చునని దాని పక్షమువారి వాదము. ఆ ప్రయోజనమును తక్కువ చేయనక్కరలేదు. ఐనను ఏది మునుగునో స్పష్టముగా చెప్పుకొనుట న్యాయము. శిఖరములు మునుగవు. చుట్టుపట్ల కొన్ని శిఖరములు 2,000 అడుగులకు పైబడినవి. పటములలో కొండలు మునుపటివలెనే అందముగా నుండును. మునుగునవి కొండల పాదములు. అనగా గ్రామములు, గట్టులు, లంకలు, చెలకపోడులు, పాత మామిళ్లు, గుడులు. ప్రవహించు నది స్థానమున నిలిచిన జలాశయము వచ్చును. మోసిన మట్టిని నది ఇక గండికి ఎగువనే దింపును. యానాము తీరమునకు చేరు ఒండ్రు ఇంకను తగ్గును.

తరలింపబడిన కొండరెడ్ల, కోయల కుటుంబములు మైదానపు కాలనీలలో చేరుచున్నవి. ఇల్లు కట్టి యియ్యవచ్చును, సాగునేలను కొలిచి యియ్యవచ్చును. ఏ వాలున ఏ గింజ ఎన్నడు వేయవలెనో యను తెలివికి చదునునేలలో పనిలేదు. పనిలేని తెలివి ఒక్క తరము నిలుచును, రెండవ తరమున మాట మాత్రము మిగులును, మూడవ తరమున మాటయు పోవును. స్వస్థలమును విడిచి పరభాషల నడుమ బ్రతికిన తెలుగువారికి ఈ క్రమము పరిచితమే. వారి యింట నాగలి భాగముల పేర్లు, ధాన్యముల పేర్లు ముందు పోయినవి. బంధువుల పిలుపులు, పండుగల పేర్లు చివరవరకు నిలిచినవి. పని పోయినచోట మాట నిలువదు.

కర్తవ్యము

నదిని ఆపుట, ఆనకట్టను ఆపుట ఉపాధ్యాయుల చేతిలోని పని కాదు. మాటలను వ్రాసికొనుట వారి చేతిలోని పనియే. సిరోంచ, మోటు, యానాముల తెలుగు విద్యార్థులను ఏటికొకసారి ఈ గండికి తీసికొనివచ్చినచో ఒక్క దినమున మూడు పాఠములు జరుగును. రాతిలో భూగోళము, వాలుమీద చరిత్ర, కొండవాసుల నోట భాష. ప్రతి విద్యార్థియు తన ఊరిలోని మట్టిని పిడికెడు తెచ్చి చూపినను చాలును. సిరోంచ పిల్లవాని మన్ను, మోటు పిల్లవాని మన్ను ఇచటికి రాకమున్ను వేరు. యానాము పిల్లవాని మన్నులో ఆ రెండును కలిసియున్నవి.

కొండపోడు పనిముట్లు, గింజలు, చెట్లు, వాగులు, గాలి, వాన వీని పేర్లను పునరావాస కాలనీలలోని పెద్దలనడిగి పట్టికలుగా వ్రాయుటకు పెద్ద ధనము అవసరము లేదు. కాగితమును, కలమును, వినుటకు ఓపికయును చాలును. ఆ పెద్దలు ఇంకను జీవించియున్నారు. పాపికొండల గండిని నీరు లక్షల యేండ్లలో కోసినది. వాలులను సేద్యము వందల యేండ్లలో తీర్చినది. చట్టపు గీతలు నూటయేబదియేండ్లలోపు పడినవి. మాటలను సేకరించుటకు మిగిలిన గడువు ఒక్క తరము మాత్రమే.